ముందు చాంబర్ మూత తీసి చూడండి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఇంటి డ్రైనేజీ

కిందటి సంచికలో డ్రైనేజీ మీద ప్రశ్నలు పంపమని అడిగాం. ఉత్తరాలు కుప్పగా వచ్చాయి. మున్సిపాలిటీల్లో మురుగునీటి పనులు చూసే ఇంజినీరుగా పనిచేసి రిటైరైన నాకు అవి చదువుతుంటే ఒక విషయం బాధ కలిగించింది. లక్షలు పోసి కట్టుకున్న ఇంట్లో మురుగు పైపు ఎటు పోతుందో, దారిలో ఎన్ని చాంబర్లు (లైన్‌ని తెరిచి చూడటానికి నేలలో కట్టే మూత ఉన్న గుంతలు) ఉన్నాయో చాలామందికి తెలియదు. అది తెలియనంతకాలం ఎవరొచ్చి ఏం చెప్పినా తలూపాల్సిందే. అందుకే దాదాపు ప్రతి జవాబులోనూ చాంబర్ మాట వస్తుంది. విసుక్కోకుండా చదవండి.

*ప్రశ్న: మాది అపార్ట్‌మెంట్‌లో గ్రౌండ్ ఫ్లోర్. పైవాళ్లు స్నానాలు చేస్తే మా బాత్రూమ్ జాలీలోంచి మురికినీళ్లు ఎగదన్నుతున్నాయి. ఒకాయన వచ్చి స్ప్రింగ్ వేసి వెళ్లాడు. పది రోజులు బాగుంది, మళ్లీ అదే కథ. ఇప్పుడు ఇంకొకాయన ఫోన్లోనే "పైపులన్నీ మార్చేయాలి మేడమ్" అంటున్నాడు. ఎవర్ని నమ్మాలి?*
*– ఒక గృహిణి, కూకట్‌పల్లి, హైదరాబాద్*

అమ్మా, మీ జాలీలోంచి వచ్చే నీళ్లు మీవి కావు, పైవాళ్లవి. అవి బయటికి పోయే దారి మూసుకుపోయింది. ఆ దారిలో అందరికంటే పల్లంలో ఉన్నది మీ బాత్రూమ్ కాబట్టి అక్కడ బయటపడుతున్నాయి. అంటే అడ్డు మీ ఫ్లాట్‌లో లేదు. పైనుంచి దిగే పైపు మీ లైన్‌తో కలిసిన చోటు నుంచి రోడ్డు మ్యాన్‌హోల్ వరకు మధ్యలో ఎక్కడో ఉంది. ఆ లైన్ అందరిదీ. ఖర్చు మీరొక్కరే భరించాల్సిన పని లేదు, అసోసియేషన్‌ని పెట్టమనండి.

అడ్డు ఎక్కడుందో తెలుసుకోవడానికి మెషిన్ అక్కర్లేదు. పై అంతస్తుల వాళ్లను కాసేపు నీళ్లు వాడొద్దని చెప్పి, కాంపౌండ్‌లో ఉన్న చాంబర్ మూతలు ఇంటి వైపు నుంచి గేటు వైపు వరసగా తీయించండి. ఇనప గడ్డపారతో మూత పక్కకి జరపాలి, దాని మీదకి వంగి చూడకూడదు, దగ్గర్లో అగ్గిపుల్ల, సిగరెట్ ఉండకూడదు. నిండుగా ఉన్న చివరి చాంబర్‌కీ, దాని తర్వాత ఖాళీగా కనిపించే చాంబర్‌కీ మధ్యనే అడ్డు ఉంటుంది. అన్నీ ఖాళీగా ఉంటే మొదటి చాంబర్‌కి ముందు, భవనం కిందనే పట్టుకుందన్నమాట. గేటు దగ్గరి చాంబర్ కూడా నిండిపోయి ఉంటే, పక్కింటివాళ్లని అడగండి. వాళ్లకీ ఇదే బాధ అయితే తప్పు వీధి లైన్‌లో ఉంది. అప్పుడు ప్రైవేటు వాళ్లకి డబ్బులివ్వకండి, హైదరాబాద్ మంచినీరు, మురుగునీరు చూసే జలమండలి నంబర్ 155313కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ రాసుకోండి. రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మీరు తీయొద్దు, వాచ్‌మన్ చేత తీయించొద్దు.

ఇక స్ప్రింగ్ సంగతి, అంటే పైపులోకి దూర్చి తిప్పే పొడవాటి చుట్ట తీగ. మీ లైన్‌లో పేరుకున్నది వంటింటి జిడ్డు అయితే, సన్న స్ప్రింగ్ దాని మధ్యలో ఒక కన్నం పెట్టి అవతలికి పోతుంది. నీళ్లు కదులుతాయి, ఆయన డబ్బులు తీసుకుని వెళ్తాడు. పైపు గోడల చుట్టూ జిడ్డు అలాగే ఉంటుంది కాబట్టి ఆ కన్నం పూడుకోవడానికి పది రోజులు చాలు. పైపు సైజుకి తగ్గ కట్టర్ స్ప్రింగ్ చివర బిగించి జిడ్డును గీకాలి, ఆ తర్వాత ప్రెషర్‌తో నీళ్లు కొట్టే జెట్టింగ్ చేయాలి. జెట్టింగ్ పైపును దిగువ చాంబర్లోంచి ఎగువకి పంపడం సరైన పద్ధతి. నాజిల్‌కి వెనక వైపు ఉన్న రంధ్రాల్లోంచి కొట్టే నీళ్లే దాన్ని ముందుకి తోస్తాయి, వెనక్కి లాగేటప్పుడు మడ్డిని దిగువకి ఊడ్చుకొస్తాయి. ఎగువ నుంచి తోసుకుంటూ పోతే ఉన్న అడ్డును ఇంకా గట్టిగా దిగ్గొట్టినట్టవుతుంది.

ఫోన్లోనే పైపులు మార్చాలన్నాయన్ని వదిలేయండి. నా లెక్కలో మంచి పనివాడెవరంటే, ధర చెప్పకముందు మిమ్మల్ని ప్రశ్నలడిగేవాడు. ఏ అంతస్తు, ఎప్పటినుంచి, ఒక్క బాత్రూమేనా అన్నీనా, చాంబర్లు ఎన్ని, ఇంతకుముందు ఎవరు ఏం చేశారు అని అడుగుతాడు. వచ్చాక మొదట చాంబర్ మూత తీస్తాడు, తర్వాతే ధర మాట్లాడతాడు. ఆ ధర గంటకా, అడుగుకా, మొత్తం పనికా అనేది అప్పుడే తేల్చుకోండి. అడ్డు తొలగకపోతే ఎంత ఇవ్వాలో కూడా ముందే మాట్లాడుకోండి. చాలా గొడవలు అక్కడే వస్తాయి.

పైపు పగిలిందనో, కుంగిందనో అంటే కెమెరా వేసి చూపించమనండి. లైన్ శుభ్రం చేశాకే కెమెరా వేయాలి, మురికినీళ్లు నిండిన పైపులో దానికి ఏమీ కనిపించదు. రికార్డింగ్ మీ ఫోన్‌కి పంపించుకోండి. దెబ్బతిన్న చోటు ఏ చాంబర్ నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఉందో కాగితం మీద రాయించుకోండి. ఆ ఒక్క ముక్క మారిస్తే సరిపోయే చోట మొత్తం టైల్స్ పగలగొట్టించిన ఇళ్లు నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆయన వెళ్లేముందు ఒక పరీక్ష చేయండి. ఒక్కో అంతస్తు నుంచి రెండేసి బకెట్ల నీళ్లు ఒకేసారి వదలమనండి. మీరు గేటు దగ్గరి చాంబర్ దగ్గర నిలబడండి. నీళ్లు ఎక్కడా నిలవకుండా సాగిపోతేనే మిగతా డబ్బులివ్వండి.

*ప్రశ్న: సింక్ జామ్ కాకుండా ప్రతి ఆదివారం యాసిడ్ పోస్తాను. వాసన పోవడానికి ఆ వెంటనే బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు కూడా పోస్తాను. అయినా నెలకోసారి నీళ్లు నిలుస్తున్నాయి. ఇంకేదైనా గట్టి మందు చెప్పండి.*
*– తెనాలి నుంచి ఒక పాఠకురాలు*

తల్లీ, ఈ రోజు నుంచే మానేయండి. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. కిటికీ మూసి ఉన్న చిన్న వంటింట్లో అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే మీ అదృష్టం, అంతే.

పైగా యాసిడ్ జిడ్డును కరిగించదు. అది పనిచేసేది ఉప్పునీటి గారల మీద. కాస్టిక్ సోడా ఉండే డ్రెయిన్ పొడులు జిడ్డును కొంత సబ్బుగా మారుస్తాయి, నిజమే. కానీ పూర్తిగా మూసుకుపోయిన పైపులో అవి కదలకుండా వేడెక్కి, పీవీసీని మెత్తబరుస్తాయి. రేపు ఆ పైపు విప్పే మనిషి ముఖం మీద ఆ నీళ్లే చిందుతాయి. ఏదైనా మందు పోసి ఉంటే, పనివాడు చేయి పెట్టకముందే ఆయనకి చెప్పడం మీ బాధ్యత.

మన వంటిళ్లలో పైపును చంపేది నూనె, గంజి కలిసిన పొర. వెనకటికి బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ కుడితి గోలెంలోకి పోయేవి, గేదెలు తాగేవి. ఇప్పుడు అవన్నీ రెండంగుళాల పైపులోకి పోతున్నాయి. దాని మీద టీ పొడి, చింతపండు పిప్పి, గ్రైండర్ కడిగిన పిండి, కొబ్బరి పీచు వచ్చి అంటుకుంటాయి. బాణలిని, కూర గిన్నెను కడిగేముందు పాత పేపర్‌తో తుడిచి చెత్తబుట్టలో వేయండి. వాడేసిన నూనె సీసాలో పోసి మూత పెట్టి పారేయండి. సింక్‌కి సన్న కన్నాల స్టీల్ జాలీ వేయండి. వారానికోసారి బకెట్ వేడినీళ్లు ఒక్కసారిగా పోయండి. మరిగే నీళ్లు వద్దు, పీవీసీ వంకరపోతుంది.

నీళ్లు నిలిచినప్పుడు సింక్ కింద సీసాలా వేలాడే ట్రాప్ చూడండి. కింద బకెట్ పెట్టి చేత్తో తిప్పితే ఊడి వస్తుంది. నూటికి ఎనభై సింకుల గొడవ అందులోనే తీరిపోతుందని మా ప్లంబర్లు అంటుంటారు. లెక్క ఎలా ఉన్నా, ఎవరినీ పిలవకముందు అది విప్పి చూడటం మంచిది.

*ప్రశ్న: మా సెప్టిక్ ట్యాంక్ ఎనిమిదేళ్లుగా తీయించలేదు. ఒకాయన, పైన ఉన్న నీళ్లు మోటారుతో తోడేసి అడుగు మడ్డి మనిషిని దింపి తీయిస్తా, లారీ కంటే తక్కువలో అయిపోతుంది అంటున్నాడు. మనుషులకి అలవాటేనంటున్నాడు. ఒప్పుకోవచ్చా?*
*– భీమవరం దగ్గరి ఒక రైతు*

ఒప్పుకోవద్దు. తక్కువకి కాదు, ఉచితంగా చేస్తానన్నా ఒప్పుకోవద్దు. మీ గుమ్మం ముందు ఒక మనిషి చనిపోయే అవకాశాన్ని మీరు కొనుక్కుంటున్నారు.

ట్యాంకులో మడ్డి కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పుడతాయి. మొదటిది గాలి కంటే బరువు, అడుగున నిలుస్తుంది. మడ్డిని కదిపితే దానిలో ఇరుక్కున్నది ఒక్కసారిగా పైకి వస్తుంది. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన తెలుస్తుంది. గ్యాస్ ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పట్టలేదు. దిగినవాడు గ్యాస్ పోయిందనుకుంటాడు, అప్పుడే కుప్పకూలతాడు. పైన ఉన్న తమ్ముడో, కొడుకో ఆగలేక దిగుతాడు. వాళ్లని లాగబోయి ఇంటాయన దిగుతాడు. పేపర్లో ఈ వార్తలు వచ్చినప్పుడు ఎప్పుడూ రెండు మూడు పేర్లు కలిసి ఎందుకు ఉంటాయో ఇప్పుడు అర్థమైంది కదా. అగ్గిపుల్ల గీసి, అది వెలిగితే పర్వాలేదనే పాత పద్ధతి ఇంకా ప్రమాదం. మీథేన్ అంటుకుంటుంది, విషవాయువు సంగతి మాత్రం అగ్గిపుల్లకి తెలియదు. అలవాటు అనే మాటకి ఇక్కడ అర్థం లేదు. ఏ మనిషి ఊపిరీ దీనికి అలవాటు పడదు.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 2013లో వచ్చిన మాన్యువల్ స్కావెంజింగ్ (మనుషుల చేత మలం ఎత్తించే పని) నిషేధ చట్టం ప్రకారం, రక్షణ పరికరాలు లేకుండా మనుషుల చేత సెప్టిక్ ట్యాంక్ గానీ మురుగు లైన్ గానీ శుభ్రం చేయించడం నేరం. మున్సిపాలిటీకే కాదు, ఇంటి యజమానికీ వర్తిస్తుంది. మొదటిసారికే 2 ఏళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ పనిని రూపుమాపడానికి పోరాడే సఫాయి కర్మచారి ఆందోళన్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో, ఇలా చనిపోయినవారి కుటుంబాలకి 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలకి పెంచింది. ఆ సంస్థను నడిపిన బెజవాడ విల్సన్ పుట్టిందీ ఈ పని చేసిన కుటుంబంలోనే. కోర్టు అంతదూరం రావడానికి ఆయనలాంటివాళ్లు ఏళ్ల తరబడి తిరగాల్సి వచ్చింది. మనం మాత్రం ఇంకా తక్కువ ధర ఎవరు చెబుతారా అని చూస్తున్నాం. ఇది నాకు చాలా కష్టంగా ఉంటుంది.

సరే, చేయాల్సింది చెబుతాను. మడ్డిని పైపుతో పీల్చుకునే వాక్యూమ్ లారీని పిలవండి. మడ్డి గట్టిపడి ఉంటే లారీవాళ్లు పైనుంచే నీళ్లు ప్రెషర్‌తో కొట్టి దాన్ని పలచన చేసి లాగుతారు. ఎనిమిదేళ్ల మడ్డికి ఒక ట్రిప్పుకి బదులు రెండు పట్టొచ్చు, ఇంకొన్ని గంటలు పట్టొచ్చు. ఆ ఖర్చు పెట్టండి. మొదట అన్ని మూతలూ తీసి చాలాసేపు గాలి ఆడనివ్వండి, పిల్లల్ని, పశువుల్ని దరికి రానివ్వకండి. పని అయ్యాక మూతలు గట్టిగా బిగించారో లేదో మీరే చూడండి. ట్యాంక్ అడుగు దాకా కడిగించొద్దు. కాస్త మడ్డి మిగిలితేనే అందులోని సూక్ష్మజీవులు మళ్లీ పని మొదలుపెడతాయి. ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి తీయిస్తూ ఉంటే మడ్డి గట్టిపడే పరిస్థితే రాదు. ట్యాంక్‌లో వేసే పొడులు, ఈస్టు ప్యాకెట్లు కొనక్కర్లేదు.

లారీ ఆయన్ని ఇంకో మాట అడగండి: ఇది ఎక్కడ పోస్తారు? మీ ప్రాంతంలో కాలువ నీళ్లే చెరువుకి, చెరువు నీళ్లే తాగడానికి. రాత్రిపూట కాలువ గట్టు మీద లారీ వదిలేసి పోతే మీరు తీయించిన మడ్డి మీ బిందెలోకే వస్తుంది. మీకు దగ్గర్లోని నరసాపురంలో ఈ మడ్డిని శుద్ధి చేసే ప్లాంట్ ఉంది. వరంగల్‌లోనూ ఉంది, ఆ నగరం 2016లోనే దీనికి ప్రత్యేకంగా నిబంధనలు పెట్టుకుంది. ప్లాంట్‌కే తీసుకెళ్తామని చెప్పేవాళ్లకి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వండి. మున్సిపాలిటీల్లో ఉన్నవాళ్లు సెప్టిక్ ట్యాంక్ శుభ్రతకి 14420 నంబర్‌కి ఫోన్ చేసి అడగొచ్చు.

*ప్రశ్న: అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లి ఆర్నెల్లకి వచ్చాం. తలుపు తీయగానే ఇల్లంతా డ్రైనేజీ కంపు, బొద్దింకలు. పైపు పగిలిందేమోనని టెన్షన్‌గా ఉంది.*
*– గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్*

మాస్టారూ, పైపు పగలలేదు, ట్రాపుల్లో నీళ్లు ఆరిపోయాయి. ప్రతి జాలీ కింద, ప్రతి సింక్ కింద వంపులో రెండంగుళాల నీళ్లు నిలబడి ఉంటాయి. లోపలి వాసనను, పురుగుల్ని ఆపేది ఆ నీళ్లే. గుంటూరు ఎండలకి అవి నిలుస్తాయా? ప్రతి జాలీలో ఒక చెంబు నీళ్లు పోయండి, అన్ని కమోడ్లూ ఫ్లష్ చేయండి, కిటికీలు తీసి ఒక పూట వదిలేయండి. మళ్లీ వెళ్లేటప్పుడు ప్రతి జాలీలో నీళ్ల మీద రెండు చెంచాల వంటనూనె పోసి, పైన ప్లాస్టిక్ కవర్ పరిచి బరువు పెట్టండి. నీళ్లు త్వరగా ఆరవు. నూనెను సింక్‌లో పోయొద్దని పైన చెప్పిన నేనే ఇది చెబుతున్నాను, ఎందుకంటే ఈ రెండు చెంచాలు కదలని నీళ్ల మీద తేలేవి. వీలైతే నెలకోసారి పక్కింటివాళ్ల చేత నీళ్లు పోయించడమే అన్నిటికంటే మేలు.

నీళ్లు పోశాక రెండు రోజులకి కూడా వాసన వస్తుంటే అప్పుడు ప్లంబర్‌ని పిలవండి. కమోడ్ కింద జాయింటు, మేడ మీద గాలి పైపు ఈ రెండూ చూడమనండి. గాలి పైపు మీది టోపీ ఊడిపోయి అందులో పిట్టలు గూడు పెట్టడం మామూలే. అలా మూసుకుపోతే ఫ్లష్ చేసినప్పుడల్లా పక్క జాలీలో గుడగుడమని శబ్దం వస్తుంది.

*ప్రశ్న: మా తాతల నాటి ఇల్లు. రోడ్డు మీద రోడ్డు వేసి వేసి ఇప్పుడు మా వాకిలి రోడ్డుకంటే పల్లమైంది. గట్టి వాన పడితే మురుగు లోపలికి వస్తోంది. వాన నీళ్లు పోవడానికి మా వీధివాళ్లు మ్యాన్‌హోల్ మూత తీసేస్తున్నారు.*
*– మలక్‌పేట, హైదరాబాద్*

ముందు మ్యాన్‌హోల్ మాట. వాన నీటిలో తెరిచిన మ్యాన్‌హోల్ కనిపించదు. అందులో పిల్లలు, బండి మీద వెళ్లేవాళ్లు పడిపోతారు. పైగా రోడ్డు నీళ్లన్నీ మురుగు లైన్‌లోకి దూరి, అది నిండి, పల్లంలో ఉన్న మీ ఇంట్లోకే తిరిగొస్తాయి. అంటే ఆ మూత తీసినవాళ్లే మీ ఇంట్లోకి మురుగు పంపుతున్నారు. మీ మేడ మీది వాన నీళ్ల పైపు డ్రైనేజీ చాంబర్లో కలిసి ఉంటే దాన్ని కూడా ఈ ఎండాకాలమే విడదీసి ఇంకుడు గుంతలోకి మళ్లించండి.

మీకు కావాల్సింది వెనక్కి రానివ్వని వాల్వ్, ప్లంబర్లు ఎన్‌ఆర్‌వీ అంటారు. గేటు దగ్గరి చివరి చాంబర్లో, చేతికి అందేలా పెట్టించాలి. లోపలి నీళ్లు బయటికి పోతాయి, బయటివి వస్తే రేకు మూసుకుంటుంది. రెండు జాగ్రత్తలు: అది మూసుకున్నంతసేపు మీ ఇంటి నీళ్లకీ దారి ఉండదు కాబట్టి ఆ వానలో బట్టలు ఉతకొద్దు. వానలకి ముందు తెరిచి, రేకు కింద ఏదైనా ఇరుక్కుందేమో కడిగించండి. ఒక గుడ్డపీలిక అడ్డుపడినా అది మూసుకోదు. దానితోపాటు చాంబర్ గోడను రోడ్డు మట్టానికి ఎత్తించండి.

1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి రెండు జలాశయాలతోపాటు నగరానికి భూగర్భ డ్రైనేజీ పథకమూ వేసి ఇచ్చారు. ఆనాటి నగరానికీ, ఆనాటి వానకీ సరిపోయే కొలతలవి. మీ ప్రాంతంలో ఇంటి లోపలి లైన్లు కూడా చాలాచోట్ల సిమెంటు జాయింట్లతో అతికిన పాత మట్టి గొట్టాలే, స్టోన్‌వేర్ అంటారు. జెట్టింగ్ వాళ్లకి ఈ సంగతి ముందే చెప్పి ప్రెషర్ తగ్గించమనండి. జాయింటు ఊడితే లైన్ కింద మట్టి కొట్టుకుపోయి వాకిలి కుంగుతుంది. మీ గల్లీ ఇరుకైనా దిగులుపడకండి, ఇరుకు వీధుల్లోకి వెళ్లే చిన్న జెట్టింగ్ బండ్లు జలమండలి 2017 నుంచి నడుపుతోంది. వీధి లైన్ కోసం అవే రావాలని అడగండి.

*ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌కి డ్రైనేజీ క్లీనింగ్ ఏడాది కాంట్రాక్టు ఇవ్వాలనుకుంటున్నాం. మూడు కొటేషన్లు వచ్చాయి. ఒకటి మిగతావాటిలో సగమే ఉంది. ఎలా తేల్చుకోవాలి?*
*– అసోసియేషన్ సెక్రటరీ, మధురవాడ, విశాఖపట్నం*

సగం ధర చెప్పినాయన్ని, ఏ మెషిన్ తెస్తారో, అది సొంతమా అద్దెదా అని అడగండి. మీ అపార్ట్‌మెంట్‌కి తెచ్చి చూపించమనండి. సమాధానం దొరక్కపోతే ఆ ధరలో మిషన్ లేదు, వెదురు బద్దలు, ఒక మనిషి మాత్రమే ఉన్నారని అర్థం. మీ కాంట్రాక్టులో మొదటి వాక్యం ఇలా రాయండి: ఏ కారణంతోనూ ఎవరినీ చాంబర్లోకి, మ్యాన్‌హోల్‌లోకి, ట్యాంక్‌లోకి దింపరాదు. దీని కింద సంతకం పెట్టడానికి వెనకాడేవాళ్లకి పని ఇవ్వకండి. పైన చెప్పిన 2013 చట్టం మీకూ వర్తిస్తుంది, "కాంట్రాక్టర్‌కి ఇచ్చేశాం" అంటే సరిపోదు.

పనికి వచ్చే కుర్రాళ్లకి చేతి తొడుగులు, బూట్లు, బీమా ఉన్నాయో లేదో చూడండి. వాళ్లు పని చేసి వచ్చాక చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు, కూర్చోవడానికి కాస్త నీడ ఇవ్వండి. మంచినీళ్లు మనం తాగే గ్లాసులోనే ఇవ్వండి. ఇది కాంట్రాక్టులో రాసేది కాదు, కానీ నాకు ధర కంటే ముఖ్యం.

ఏడాదికి రెండుసార్లు పూర్తి క్లీనింగ్ పెట్టుకోండి: వానలకి ముందు మేలో ఒకసారి, సంక్రాంతి పిండివంటల నూనె అంతా లైన్లోకి దిగాక జనవరి చివర్లో ఒకసారి. మధ్యలో నెలకోసారి మీ వాచ్‌మన్ చాంబర్లు తెరిచి చూసి, పుస్తకంలో రాస్తే చాలు. ఏ చాంబర్ ప్రతిసారీ నిలుస్తుందో ఆ పుస్తకమే చెబుతుంది, అప్పుడు ఆ ముక్కకే కెమెరా వేయించండి. వేరే అపార్ట్‌మెంట్ల సెక్రటరీలతో మాట్లాడేటప్పుడు "బాగా చేస్తారా" అని అడగకండి, "మళ్లీ జామ్ అయితే ఎన్ని గంటల్లో వచ్చారు, రెండోసారికి డబ్బులడిగారా" అని అడగండి.

లిఫ్ట్‌లో ఒక కాగితం అతికించండి: డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, వెట్ వైప్స్, కుంకుడు తొక్కలు కమోడ్లో, జాలీలో వేయొద్దని. వైప్స్ కవర్ మీద ఫ్లష్ చేయొచ్చని ఉన్నా సరే, టాయిలెట్ పేపర్ నీళ్లలో విడిపోతుంది, అవి విడిపోవు.

*ప్రశ్న: ప్రహరీ వెంట కోనోకార్పస్ చెట్లున్నాయి. చాంబర్లో జడల్లా వేర్లు వచ్చాయి. కత్తిరిస్తే మళ్లీ వస్తున్నాయి.*
*– హనుమకొండ*

వస్తూనే ఉంటాయి. జాయింటు దగ్గర తడి తగిలి దారి దొరికింది, ఇక అవి వదలవు. రూట్ కట్టర్‌తో తీయించి, వెంటనే కెమెరా వేసి, వేర్లు దూరిన జాయింటు కనిపెట్టి, ఆ ముక్కను రబ్బరు రింగు ఉన్న పీవీసీతో మార్పించండి. చాంబర్ గోడకి లోపల సిమెంటు పూత వేయించండి. ఆ చెట్ల బదులు కరివేపాకో, నందివర్ధనమో పెట్టుకోండి. చాంబర్ పగుళ్లలో మొలిచే రావి మొక్కను మాత్రం రెండాకులు ఉన్నప్పుడే వేరుతో సహా లాగేయాలి.

*ప్రశ్న: ఇల్లు కడుతున్నాం. వచ్చే వారం డ్రైనేజీ పైపులు వేస్తారట. మేస్త్రీని ఏం అడగాలి?*
*– ఖమ్మం నుంచి ఒక యువ దంపతులు*

మంచి సమయంలో అడిగారు. పైపు మీద ఐఎస్ 13592, టైప్ బి అని ముద్ర ఉందో లేదో చూడండి. టైప్ ఎ వాన నీళ్లకి, గాలి పైపుకి మాత్రమే. దాన్ని తక్కువ ధరని మురుగుకి వాడేస్తుంటారు. నాలుగంగుళాల పైపుకి ప్రతి పది అడుగులకి మూడంగుళాల వాలు, ఆరంగుళాల పైపుకి రెండంగుళాల వాలు ఉండాలి. కంటి అంచనా వద్దు, ట్యూబ్ లెవెల్ (మట్టం చూసే నీళ్ల గొట్టం) పట్టించి మీరు పక్కన ఉండి చూడండి. మలుపు తిరిగే ప్రతి చోటా చాంబర్ ఉండాలి. రెండు పైపులు కలిసే చోట T ఆకారపు ముక్క బదులు Y ఆకారపు ముక్క వేయించండి, నీళ్లు పారే వైపుకే మళ్లుతాయి. వంటింటి లైన్‌ని గల్లీ ట్రాప్ (వాసన వెనక్కి రాకుండా వంపులో నీళ్లు నిలిచే జాలీ గుంత) ద్వారా చాంబర్లో కలపండి, నేరుగా వద్దు.

మట్టి కప్పేముందు చివర మూసి లైన్ నిండా నీళ్లు నింపి కాసేపు వదలండి. మట్టం పడిపోతే ఎక్కడో కారుతోందన్నమాట, ఆ జాయింటు ఇప్పుడు సరిచేయడం తేలిక. తర్వాత ప్రతి మలుపు దగ్గరా టేపు పరిచి, గోడ నుంచి ఎన్ని అడుగులో కనిపించేలా ఫొటోలు తీయండి. వాటిని చూసి లైన్ బొమ్మ గీసి, లామినేషన్ చేయించి కరెంటు మీటర్ బోర్డు పక్కన తగిలించండి. మూతల మీద టైల్స్ అతికించేస్తామని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి, పైకి అందంగా ఉండాలంటే పట్టుకోవడానికి రింగులున్న మూతలు, టైల్ కూర్చునే ఫ్రేముతో సహా శానిటరీ షాపుల్లో దొరుకుతాయి.